ఎనభై అయిదు లెన్స్, కిటికీ దగ్గర అమ్మ

ఈ వీలునామా రాయిస్తున్నది నేను. వయసు అరవై ఏడు, వృత్తి ఫోటోగ్రాఫరు. పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా వీధి వీధంతా నన్ను ఫోటో అక్క అనే పిలుస్తుంది కాబట్టి ఈ కాగితంలోనూ ఆ పేరే ఉంటుంది. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఒక కంటికి చూపు కాస్త తగ్గినా రెండో కన్ను ఇంకా ఫోకస్ తప్పడం లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. వచ్చే సోమవారం నా గుండెకు ఆపరేషన్. "ఏం కాదమ్మా, చిన్నదే" అన్నారు డాక్టరు గారు. నేనూ ముప్పై తొమ్మిదేళ్ళుగా కెమెరా ముందు బిగుసుకుపోయిన వాళ్ళతో "ఏం కాదు, ఒక్క క్షణమే" అంటూ వచ్చినదాన్నే. ఆ మాట ఎందుకంటారో నాకు తెలుసు. అందువల్ల నా తదనంతరం నా వస్తువులు ఎవరెవరికి చెందాలో ముందే నిర్ణయించి రాయిస్తున్నాను.

నా ఆస్తి అంటే అయిదు లెన్సులు, ఒక రీలు కెమెరా, ఒక డిజిటల్ కెమెరా, అద్దె కొట్టు, ఒక నీలం కవరు. నిజం చెప్పాలంటే ఈ వీలునామా ఆ కవరు కోసమే. మిగతావన్నీ దానికి తోడు వచ్చిన బంధువులు.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా వీధి లాయరుది, పిలుపుకి తమ్ముడు. పరీక్ష దరఖాస్తుకి అతని మొదటి ఫోటో తీసింది నేనే. నాలుగుసార్లు తీస్తే నాలుగుసార్లూ కళ్ళు మూశాడు. వీలునామాలో ఏదైనా ముట్టేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదని అతనే చెప్పాడు. "అయితే నాకు సాక్షులు దొరకరు తమ్ముడూ, నాకు కావలసిన వాళ్ళందరికీ ఏదో ఒకటి ఇస్తున్నాగా" అన్నాను. "ఎవరో ఒకరికి ఎగ్గొట్టండి మరి" అన్నాడు. అందుకే అతనికి ఏమీ ఇవ్వడం లేదు.

2. యాభై మిల్లీమీటర్ల లెన్సు, రెండు కెమెరాలు, కొట్టు నా చెల్లెలి కూతురికి దఖలు పరుస్తున్నాను. బంగారూ, యాభై లెన్సులో జూమ్ ఉండదు. మనిషి దగ్గరగా కావాలంటే నువ్వే రెండడుగులు ముందుకెయ్యాలి, ఒళ్ళంతా కావాలంటే వెనక్కి నడవాలి. కంటికి ఎలా కనిపిస్తుందో దాదాపు అలాగే చూపిస్తుంది. మొదటి ఏడాదంతా ఇదొక్కటే వాడాలి. వేరేది కొంటానని గొడవ చేస్తే లాయరు మామయ్య ఒప్పుకోడు, ఇది షరతు. మిగతా లెన్సులు అందుకున్న వాళ్ళు అడిగితే కెమెరా అరువివ్వాలి, ఇది రెండో షరతు. లోకంలో నన్ను పెద్దమ్మా అని పిలిచేది నువ్వొక్కదానివే. ఆ పిలుపు వినడానికే చాలాసార్లు వినపడనట్టు నటించాను.

3. మాక్రో లెన్సు పక్క కొట్టు వాచీల మాస్టారు గారికి. ఈగ కాలి మీది వెంట్రుక కూడా చూపించే లెన్సు ఇది. మాస్టారూ, చిన్న స్క్రూలను మీరిప్పుడు కంటితో కాక వేలితో వెతుకుతున్నారని నాకు తెలియదనుకుంటున్నారు. దీంతో ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి చూసుకోండి. ఇంత దగ్గర నుంచి తీసేటప్పుడు కాస్త కదిలినా మసకేస్తుంది, ఊపిరి బిగబట్టి నొక్కాలి. అది మీకెలాగూ అలవాటే. ఏ లోపమూ లేని నా వాచీని ఇరవై ఏళ్ళ పాటు నెలకోసారి మీ దగ్గరికి తెచ్చాను. ఎందుకని మీరు ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

4. వైడ్ లెన్సు, అంటే ఇరవై నాలుగు, మా వడ్రంగికి. నువ్వు చేసే వంటగది అరలు మూలన నిలబడి తీసినా మొత్తం వస్తాయి. కెమెరా తిన్నగా పట్టుకో, లేకపోతే నీ బీరువాలు వెనక్కి పడిపోతున్నట్టు ఉంటాయి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో. దీంతో మనుషులను తీసేటప్పుడు ఎవరినీ ఫోటో అంచున కూర్చోబెట్టకు. అంచున ఉన్న మొహాన్ని ఇది పక్కలకు సాగదీస్తుంది. బీరువా సాగితే ఎవరూ ఏడవరు.

5. పెద్ద జూమ్ లెన్సు ఎదురు కొట్టు ఫోటోగ్రాఫరుకి. బడి ఆటల పోటీలప్పుడు "ఆడమనిషి, ఆ బరువేం మోస్తుంది" అని హెడ్మాస్టరుకి చెప్పి ఆ పని తన్నుకుపోయాడు. అయ్యా, ఆ మరుసటి ఏడాదే దీన్ని కొన్నాను. పదిహేనేళ్ళు మోశాను. నా ఎడమ భుజం ఇప్పటికీ కిందికే ఉంటుంది. ఇక నువ్వు మొయ్యి. దీనికి దూరం ఒక లెక్క కాదు కాబట్టి పెళ్ళిళ్ళలో దంపతుల ముక్కు కింద నిలబడి వచ్చిన వాళ్ళందరికీ నీ వీపు చూపించడం ఇకనైనా మానెయ్యి. మా అమ్మ పోయిన రోజు ఎవరూ అడగకుండానే నీ కొట్టు మూసి వచ్చి, మా వాకిట్లో కుర్చీలు వేశావు. అందుకే కోపం మూడొంతులు పోయింది. మిగతా వంతు నాతోనే ఉంచుకుంటాను.

6. కొట్టులో రేకు డబ్బా నిండా జనం తీసుకెళ్ళకుండా వదిలేసిన ఫోటోలున్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే ఎన్నేళ్ళవైనా ఇచ్చెయ్యాలి. పారెయ్యకూడదు.

7. ఎనభై అయిదు లెన్సు, బీరువా కింది అరలోని నీలం కవరు నా చెల్లెలికి. ఈ లెన్సు మొహాల కోసమే పుట్టింది. నాలుగడుగులు ఎడంగా నిలబడి తీయొచ్చు, ముక్కు ముక్కులా, చెవి చెవిలా వస్తుంది, వెనకున్న గోడ మెత్తగా కరిగిపోతుంది.

చెల్లీ, తొమ్మిదేళ్ళ కిందట అమ్మ ఆస్పత్రి నుంచి మీ ఇంటికి వచ్చిన ఆదివారం గుర్తుందా? నీ ముందుగదిలో పదమూడు మందిమి. నా వీపు గోడకు ఆనినా అందరూ పట్టడం లేదని వైడ్ లెన్సు పెట్టాను. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో, వరసకు చివర ఉంది. మధ్యకు జరపాలని నాకు తెలుసు. పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళకు మొదటి రోజే చెప్పే మాట అది. కానీ ఇప్పుడే కూర్చుంది, మళ్ళీ లేపడం ఎందుకులే అనుకున్నాను. వెలుతురు పోతోందని తొందర కూడా. నొక్కేశాను.

ఇరవై రోజులకు అమ్మ పోయింది. ఆ ఫోటో చూసి "అక్కా, ఆ రోజు అమ్మ మొహం ఇంత ఉబ్బి ఉందా?" అన్నావు. లెన్సు సాగదీసింది, తప్పు నాదే అనడానికి నాకు నోరు రాలేదు. చెయ్యి తిరిగినదాన్నన్న పొగరు. "ఉన్నదే వచ్చింది, లెన్సేం చేస్తుంది" అన్నాను. అమ్మకు మందులు వేసింది నువ్వు, తల దువ్వింది నువ్వు, రాత్రీ పగలూ పక్కనున్నది నువ్వు. ఆ ఉబ్బు నా కంటికెందుకు ఆనలేదు, ముందే చూసి ఉంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని కదా అని తొమ్మిదేళ్ళుగా కుమిలిపోతున్నావట. నాతో అనలేదు, నీ కూతురు మొన్న చెప్పింది. ఆ తర్వాత నువ్వు నా కెమెరా ముందు కూర్చోలేదు. నా కొట్టు గడప తొక్కలేదు. ఎందుకో నాకు ఇన్నాళ్ళకు తెలిసింది.

కవరులో ఒక నెగటివ్, ఒక ప్రింటు ఉన్నాయి. అదే రోజు అందరూ టీకి లేచాక ఎనభై అయిదు పెట్టి గుమ్మంలోంచి తీసింది. అమ్మ ఒక్కతే. బుగ్గలు పీక్కుపోయిన కోలమొహం, ఎప్పటిలాగే. ఉబ్బు ఎక్కడా లేదు. నువ్వు చూడకపోవడం కాదు తల్లీ, అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఒక పక్క నుంచి నీ చెయ్యి వచ్చి అమ్మ జుట్టు చెవి వెనక్కి సర్దుతోంది. "ఇటు చూడమ్మా" అన్నాను నేను. అమ్మ నీ వైపే చూసింది. ఇది నీకిస్తే నా అబద్ధం బయటపడుతుందని దాచాను. అమ్మ నన్ను చూడలేదన్న ఉక్రోషం కూడా కొంత ఉంది. ఈ వయసులో రాయించడానికి సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

సవరణ: పై ఏడో అంశాన్ని నేనే నా చేత్తో కొట్టివేశాను. గీత కింద అక్షరాలు చదవడానికి వీలుగానే ఉంచాను. కారణం ఇది. నిన్న లాయరు తమ్ముడు అదంతా చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కయ్యా, మీరు పోయాక ఇది చదివితే, ఆవిడ తిట్టడానికి ఎవరుంటారు?" అన్నాడు. ఇవాళ పొద్దున్నే ఫోను చేశాను.

చెల్లి ఇరవై నిమిషాల్లో వచ్చింది. కవరు తన చేతికిచ్చి, రాయించిందంతా నోటితో చెప్పాను. ప్రింటును వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "అమ్మ బాగానే ఉంది" అంది. ఏడ్చింది. ఆ తర్వాత అరగంట నన్ను తిట్టింది. తలవంచుకుని విన్నాను, ఒక్క తిట్టూ అన్యాయంగా లేదు. తిట్లయ్యాక టీ పెట్టింది. ఎనభై అయిదు తగిలించి, కూర్చోవే అన్నాను. "ఇప్పుడా? ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది" అంది. అని, తనే పకపకా నవ్వింది. అప్పుడు తీశాను.

ఎనభై అయిదు లెన్సు, నీలం కవరు నా చెల్లెలికి నా చేతుల మీదుగానే అందినందువల్ల, ఈ వీలునామా ద్వారా ఆమెకు రావలసింది ఏమీ లేదు. కాబట్టి తన బదులు సాక్షిగా ఉండటానికి ఆమెకు ఎలాంటి అడ్డూ లేదని లాయరు తమ్ముడు ఖాయపరిచాడు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇదే మొదటిది. సోమవారం దాటితే ఇది మళ్ళీ మార్చుకునే హక్కు నాకు ఉంది.

తేదీ: రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు పద్నాలుగు, బుధవారం.

సంతకం: ఫోటో అక్క

సాక్షులు:

ఒకటి. లాయరు గారి టైపిస్టు. పై సంతకం నా ఎదుట చేశారు.

రెండు. ఫోటో అక్క చెల్లెలు. అక్క సంతకం పెడుతుండగా పక్కనే నిలబడి చూశాను. సరిగ్గానే చూశాను.