స్కూలు బస్సు బ్రేకు నేనే తొక్కాను

రాయపూర్, 12 జూన్ 1987, శుక్రవారం

ఇవాళ నేను బస్సు నడిపాను! చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నట్టుంది.

ఆర్టీవో ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేరాక కార్లూ జీపులే నాకు ఇచ్చేవారు, బస్సులన్నీ పెద్ద ఇన్‌స్పెక్టరుగారివే. ఇవాళ ఆయన సెలవు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఒక స్కూలు బస్సు వచ్చింది. "కొత్త రంగు వేయించాను మేడమ్‌జీ, సంతకం పెట్టేయండి" అన్నాడు యజమాని. తాళం ఇమ్మన్నాను. "మీరు నడుపుతారా?" అని నవ్వాడు.

తెలీబంధా చెరువు దాటాక ఖాళీ రోడ్డు మీద వేగం పెంచి బ్రేకు తొక్కాను. బస్సు ఎడమకి లాగేసి, ఎంతో దూరం జారి, గుంట అంచున ఆగింది. పక్కన కూర్చున్న డ్రైవరు మొహం పాలిపోయింది. "సేఠ్‌కి ఎన్నోసార్లు చెప్పాను బహన్‌జీ. బడి తెరిస్తే నా కూతురూ ఇందులోనే వెళ్లాలి" అన్నాడు.

బ్రేకులు బాగుచేసేదాకా ఫిట్‌నెస్ ఇవ్వనని రాసేశాను. పై ఆఫీసరుతో మాట్లాడతానని యజమాని అరిచి వెళ్లాడు. మాట్లాడే ఉంటాడు. బదిలీ చేసేస్తారేమో... అయినా సాయంత్రం వస్తుంటే ఆ బస్సు గరాజులో కనిపించింది, చక్రాలు ఊడదీసి ఉన్నాయి! రిక్షాలోనే చప్పట్లు కొట్టాను.

నాన్న రైలింజను నడిపిన మనిషి, అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఆఫీసరు పిలిస్తే ఏటంటావే?"

"ఆయన్నీ ఆ బస్సెక్కించి బ్రేకు తొక్కుతాను నాన్నా!"