నా ముందు ఆగని పళ్లెం

నోవై,
ఫిబ్రవరి

ప్రియమైన డాడీకి,

ఫోన్ చేస్తే మీరు ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతోనే పెట్టేస్తారు. మధ్యలో నాకు చోటుండదు. అందుకే ఉత్తరం.

జనవరిలో నేను ఇంటికొచ్చిన ఆదివారం మీ సంఘ పెద్ద శశికాంత్ అంకుల్ లేచి, దేవుడి దయవల్ల గ్రీన్ కార్డు వచ్చిందని సాక్ష్యం చెబితే అందరూ హల్లెలూయా అన్నారు. నేను లేచి సీగర్ గురించి చెబితే మైక్ ఆపేశారు. నేనేమైనా తిట్టానా? ఏడొందల ఏళ్లకు పైగా కిందట పారిస్‌లో పాఠాలు చెప్పిన మనిషి. లోకానికి మొదలు లేదని అరిస్టాటిల్ ఎందుకన్నాడో విప్పి చెప్పాడు. దేవుడే మొదలుపెట్టాడన్నది చర్చి మాట. అప్పటి బిషప్ సీగర్ బోధల్ని నిషేధించాడు, ఈయన్ని విచారణకు పిలిచారు. నాకూ ఆ తర్కం నిజమే అనిపిస్తోంది, అయినా ప్రార్థన మానలేకపోతున్నాను, రెండూ పట్టుకుని ఎలా బతకాలి అని అడిగాను. అది సాక్ష్యం కాదా?

తర్వాత ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె పళ్లెం నా ముందు ఆగలేదు. పాస్టరుగా దాన్ని పట్టుకున్నది మీరు. పాస్టరు గారు సరే, మా నాన్న ఎక్కడికి పోయాడు?

కోపం తగ్గని
రేష్మ

షామ్‌బర్గ్,
మార్చి

ప్రియమైన తల్లీ రేష్మా,

ఉత్తరంలో వందనాలు కూడా లేవు! మీ అమ్మ చదివి "అచ్చం మీ నోరే" అంది. అక్కడ మంచు తగ్గిందా? డ్యూటీకి నెమ్మదిగా డ్రైవ్ చెయ్యి.

పెద్దలు అడిగేది ఒక్కటే. ఈస్టర్‌కి వచ్చి, అందరి ముందు "తొందరపడ్డాను" అను. మనసులో ఏమున్నా నీ ఇష్టం. రొట్టె నేనే నీ చేతిలో పెడతాను. ఆ సీగర్ కూడా ఇవి అరిస్టాటిల్ మాటలు, నా విశ్వాసం వేరు అని తప్పుకున్నవాడే కదా? నేనూ కాస్త చదివాన్లే.

నీ కోసం మోకాళ్ల మీదున్న
డాడీ

నోవై,
మార్చి

ప్రియమైన డాడీకి,

వందనాలు. ఇదిగో, పెట్టాను, అమ్మకి చూపించండి.

మీరు సీగర్‌ని చదివారని ప్లాంట్‌లో నవ్వుకుంటూ కారు డోర్ ప్యానెల్‌కి క్లిప్పు తప్పు కొట్టాను. సూపర్‌వైజర్ అరిచాడు.

అయినా రాను. సీగర్‌లో నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. తర్కం ఒక జేబులో, విశ్వాసం ఇంకో జేబులో! తప్పుకుని ఏం బావుకున్నాడు? ఇటలీలో సొంత గుమాస్తా చేతిలోనే చచ్చాడంటారు. చర్చిలో నిలబడి అబద్ధం ఆడొద్దని చిన్నప్పుడు నాకు నేర్పింది ఎవరు? అబద్ధమాడితేనే దొరికే రొట్టె నాకొద్దు. ఈస్టర్‌నాడు ఓవర్‌టైం రాయించుకున్నాను.

ఒక్కటి చెప్పండి. నన్ను దాటించాక, ఆ రొట్టె మీకు గొంతు దిగిందా?

తలవంచని
రేష్మ

షామ్‌బర్గ్,
ఈస్టర్ తర్వాత

ప్రియమైన రేష్మా,

దిగలేదు. అసలు నోట్లోనే పెట్టలేదు.

సంఘమంతా తీసుకున్నాక పాస్టరు చివర తీసుకుంటాడు కదా. ఆ రోజు నా ముక్క పళ్లెంలోనే ఉంచి గుడ్డ కప్పేశాను. తర్వాత ప్రతి బల్లకీ అంతే. ఎవరూ చూడలేదనుకున్నాను. ఈస్టర్‌నాడు శశికాంత్ పట్టేశాడు. అందరూ వింటుండగానే అడిగాడు.

"పాస్టర్ గారూ, మిమ్మల్ని బల్లకి దూరం పెట్టిందెవరండీ?"

"నా కూతుర్ని దాటించిన ఈ చెయ్యే."

"ఇదేం పద్ధతండీ? తీసుకుంటారా, పదవిలోంచి తప్పుకుంటారా?"

మైక్ అతని చేతిలో పెట్టి కిందికి దిగాను. నువ్వెప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. మీ అమ్మ ఒళ్లో ఉన్న బైబిల్ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

లోకానికి మొదలుంది. దాని మీద నీతో చచ్చేదాకా వాదిస్తాను. కానీ ప్రశ్న అడిగినందుకు పిల్లని పస్తుంచే బల్లకి ఇక వడ్డించను.

శనివారం నోవై వస్తున్నాం. రొట్టె అమ్మ చేస్తోంది, ద్రాక్షరసం నువ్వు కొను. ఈసారి పళ్లెం పట్టుకునేది నువ్వే. నన్ను దాటించాలనిపిస్తే దాటించు.

వాదనకి సిద్ధంగా
డాడీ