చోడవరం గ్రాండ్ ప్రీ

ఫిబ్రవరి 3, సోమవారం

వ్యాసం వచ్చింది. "గడ్డిమోపుల మధ్య గ్రాండ్ ప్రీ". పద్నాలుగో పేజీ, రెండు అచ్చుతప్పులు. ఎడిటర్‌కి ఫోన్ చేసి తిట్టాను. సారీ తోమాగారూ అన్నాడు. ప్రతి నెలా అంటాడు.

పాతికేళ్లుగా రాస్తున్నాను. పరువు హత్యల మీద రాశాను. జంక్షన్లో ఫ్లెక్సీల మీద పదిసార్లు రాశాను. మా కాలేజీలో నాతోపాటు ఎకనామిక్స్ చెప్పే పెద్దమనిషి, నేను కూర్చుని లేచిన కుర్చీ మీద తువ్వాలు పరిపించుకోవడం మీద కూడా రాశాను. ఒక్కడు ఫోన్ చేస్తే ఒట్టు. పాత కార్ల రేసుల మీద రాస్తే పొద్దున్నుంచి పదకొండు ఫోన్లు. బాగుంది ఈ సమాజం.

అయినా సంతోషంగానే ఉంది. ఎనిమిదో క్లాసులో మిషన్ కాంపౌండ్ రీడింగ్ రూములో, దొరలు వదిలి వెళ్లిన ఇంగ్లీషు మోటారు పత్రికలు దొరికాయి మాకు. నేను చదివి అర్థం చెప్పేవాణ్ణి, సత్తిబాబు ఇంజన్ బొమ్మలు చూసేవాడు. వాడు మెకానిక్ అయ్యాడు. నేను నోరు అయ్యాను.

ఆ పాత రేసులు అక్కడి జమీందార్లూ ఫ్యాక్టరీ ఓనర్లూ ఆడిన ఆట అని నాకు తెలుసు. నాకెవరూ క్లాసు పీకక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో డ్రైవరు మోచేతులు బయటికి కనపడేవి. స్టీరింగుతో కుస్తీ పడుతున్న మనిషి కనపడేవాడు. ఇప్పుడు కనపడేది హెల్మెట్టూ, దాని మీద కంపెనీల పేర్లూ. చెవిలో ఒక ఇంజనీరు: టైరు కాపాడుకో, బ్యాటరీ కాపాడుకో. అది డ్రైవింగ్ కాదు, ఉద్యోగం.

అప్పట్లో ఊళ్ల మధ్య మామూలు రోడ్లు మూసేసి, మలుపుల్లో గడ్డిమోపులు అడ్డం పెట్టి సర్క్యూట్ చేసేవారు. బెల్జియంలో స్పా మూడు ఊళ్ల త్రికోణం. మనకి మాత్రం లేదా, చోడవరం, రావికమతం, రోలుగుంట అని చివర్లో ఒక వాక్యం వేశాను. సరదాకి.

ఫిబ్రవరి 6

సత్తిబాబు షెడ్డు గోడకి నా వ్యాసం అంటించి ఉంది, గ్రీజు వేలిముద్రలతో సహా. ఎరువుల షాపు దిలీప్ అక్కడే ఉన్నాడు. నలభై ఏడేళ్లు, పొట్ట, కాలేజీ రోజుల నాటి ఆర్ఎక్స్ హండ్రెడ్. మాస్టారూ, సర్క్యూట్ మీరు గీసేసేరు, మిగతాది మేం సూసుకుంటాం అన్నాడు. మార్చి తొమ్మిది, ఆదివారం, తెల్లారి ఆరింటికి. నలభై దాటినోళ్లే, పాత టూ స్ట్రోక్ బళ్లే. కుర్ర గుంటలకి ఎంట్రీ లేదు మాస్టారూ, ఆళ్లు రీల్స్ తీసుకుంటారు, మనం రేసు సేద్దాం అన్నాడు. అప్పటికే తొమ్మిది బళ్లు తేలాయి. వాటిలో ఒకటి సత్తిబాబు యెజ్డీ.

పర్మిషన్ ఏదీ అనాలి. చెరకు కోతల సీజను, ట్రాక్టర్లు తిరుగుతుంటాయి అనాలి. జెండా ఊపేది మీరే మాస్టారూ అనగానే నేను అడిగింది ఒక్కటే: జెండా ఏ రంగు?

ఫిబ్రవరి 11

సత్తిబాబు వెనక కూర్చుని రోడ్డు చూసి వచ్చాం. ఆదివారం రోడ్డు మూయిస్తామంటున్నారు, ఎలాగో ఎవరికీ తెలీదు.

రావికమతం దాటాక కుడివైపు నుంచి ఒక గేదె రోడ్డెక్కింది. సత్తిబాబు ఆగలేదు. హారన్ కొట్టలేదు. గేదె తోక నా మోకాలికి తగిలింది. ఒరే ఒరే ఒరే అని అరిచాను. ఏటిరా, ఏటయింది అన్నాడు వాడు. నిజంగానే అడిగాడు.

వచ్చే దారంతా గమనించాను. కుడివైపు చూడాలంటే తల మొత్తం తిప్పుతున్నాడు, కోడి తిప్పినట్టు.

ఫిబ్రవరి 13

కాలేజీకి సెలవు పెట్టి వాణ్ణి బస్సులో అనకాపల్లి తీసుకెళ్లాను. కళ్ల డాక్టరు చుక్కలు వేసి గంట కూర్చోబెట్టాడు. సుగరు. కుడికన్ను దాదాపు పోయింది, ఎడమది మొదలైంది. లేజరు చెయ్యాలి, వరసగా రావాలి. బండి మాత్రం నడపకూడదు అన్నాడు, వాడి వంక కాదు, నా వంక చూసి.

 తిరుగు బస్సులో సత్తిబాబు తన భార్య గురించి, మాలక్ష్మికి సెప్పకు అన్నాడు. ఎవులికీ సెప్పకు, గుడ్డోడి సేతికి ఇంజన్ ఎవుడిస్తాడురా అన్నాడు. ఒట్టెయ్యమన్నాడు. దేవుడి మీద వేస్తే నీకు లెక్క లేదు, పెన్ను మీద వెయ్ అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి వేశాను. రేసు మానేస్తావు కదా అన్నాను. కిటికీలోంచి బయటికి చూశాడు.

ఫిబ్రవరి 14

"అబద్ధం చెప్పక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు." ఇది ఎవరినో తిడుతూ నేను రాసిన వాక్యమే.

ఫిబ్రవరి 18

దిలీప్ దగ్గరికి వెళ్లి రేసు వద్దన్నాను. పర్మిషన్ లేదు, చట్టవిరుద్ధం అన్నాను. ఫోన్ తీసి నా పాత వ్యాసం చూపించాడు. "అనుమతి అడగడం బానిస అలవాటు." మీరే కద మాస్టారూ అన్నాడు. అది ఊరేగింపుల గురించయ్యా అన్నాను. మాదీ ఊరేగింపే, కాస్త స్పీడుగా ఎల్తాది అన్నాడు. షాపులో ఉన్న రైతులు కూడా నవ్వారు.

బయటికి వచ్చి చూస్తే జంక్షన్లో ఫ్లెక్సీ. ఎర్ర రేసు కారు, పక్కన నేను, కాలేజీ ఐడీ కార్డు ఫొటోలో. తొమ్మిదిమంది రైడర్ల ముఖాల మధ్య సత్తిబాబు కళ్లజోడు లేకుండా నవ్వుతున్నాడు.

ఫిబ్రవరి 20

మధ్యాహ్నం కనకమహాలక్ష్మి వచ్చింది. సత్తిబాబు భార్య, ముప్పై ఏళ్లుగా నన్ను అన్నయ్యా అనే మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అన్నయ్యా, ఆయనకేటైనా ఉందా, నువ్వు అబద్దం ఆడవు కదా అంది.

ఏమీ లేదమ్మా, కొంచెం సుగరు అన్నాను.

అలాగా అంది. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. నా భార్య జ్ఞానకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆవిడ తాగని నీళ్లగ్లాసు తీసి నా ముందు పెట్టింది. 

ఫిబ్రవరి 23

పాత నోటుబుక్కు తీశాను. వ్యాసానికి రాసుకున్నవన్నీ ఇందులో ఉన్నాయి. వ్యాసంలో లేని పేజీ కూడా ఉంది.

1968. ఏప్రిల్ 7, జిమ్ క్లార్క్. మే 7, మైక్ స్పెన్స్. జూన్ 8, స్కార్ఫియోట్టి. జూలై 7, ష్లెస్సర్. నెలకి ఒకరు చచ్చిపోయారు, కరెంటు బిల్లు వచ్చినట్టు. 1973 జాండ్‌వోర్ట్ రేసులో తలకిందులై తగలబడుతున్న కారు కింద రోజర్ విలియమ్సన్. ఇంకో డ్రైవరు తన కారు ఆపి, ఒంటరిగా పరిగెత్తి, దాన్ని ఎత్తబోయాడు. మిగతావాళ్లు పక్కనుంచి పోతూనే ఉన్నారు. రేసు ఆగలేదు. బెల్టులు కావాలి, డాక్టరు ఉండాలి, చెట్లకి అడ్డం ఏదైనా పెట్టాలి అన్నందుకు ఛాంపియన్ డ్రైవరు జాకీ స్టీవర్ట్‌ని పిరికివాడన్నారు.

ఇవన్నీ నేను తీసేశాను. పేజీలో చోటు లేదని ఎడిటర్‌కి చెప్పాను. చోటు ఉంది. ఇవి ఉంటే సరదా పోతుందని తీసేశాను. ఫ్యాక్టరీలో చెయ్యి పోయిన కూలీ గురించి రాయని పత్రికల్ని పాతికేళ్లు తిట్టినవాణ్ణి, చచ్చిపోయినవాళ్లని తీసేసి గడ్డిమోపుల్ని ఉంచాను.

ఇంకొకటి కూడా రాయాలి. నాకు ఆ రేసు చూడాలని ఉంది. ఇప్పటికీ. సత్తిబాబు ముందు ఉంటే చూడాలని ఉంది.

ఫిబ్రవరి 25

షెడ్డులో పోట్లాడుకున్నాం. ఈ పేర్లన్నీ చదివి వినిపించాను. వాడు కార్బొరేటర్ కడుగుతూ విన్నాడు. ఇయన్నీ అప్పుడెందుకు సెప్పలేదురా, రీడింగ్ రూములో అన్నాడు. చిన్నవాళ్లం కదా అన్నాను. ఇప్పుడు రాసినప్పుడు కూడా సిన్నోడివేనా అన్నాడు.

తర్వాత మెల్లగా అన్నాడు. నీ యాసం సదివి ఎక్కుతన్నాననుకున్నావేటి? ఎడమది కూడా పోతాది. పోయేక పానా తడుంకోడమే. ఒక్కపాలి ఫుల్లుగా లాగనీరా.

 అరిచాను. నీ చావు నా మీదికి వస్తుంది అన్నాను. అదీ నీ బాద అన్నాడు.

ఫిబ్రవరి 27

పత్రికలో సవరణ వేయమన్నాను. మార్చి సంచిక ప్రెస్సుకి వెళ్లిపోయిందట, ఏప్రిల్‌లో వేస్తాడట. రేసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను: నా వ్యాసం సగం నిజం, సగం నిజం అబద్ధం కన్నా చెడ్డది, రేసు ఆపండి. నలభై రెండు నవ్వు బొమ్మలు. మాస్టారు జడిసిపోయేరు అని ఒకడు. దిలీప్ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, దాని కింద ఫ్లెక్సీ ఫొటో పెట్టాడు.

జడిశాను. అవును. 

మార్చి 4

స్టేషన్‌కి వెళ్లాను. దిలీప్ ర్యాలీ అని చెప్పాడండీ, రేసని మీరు రాసివ్వండి, ఆపుతాను అన్నాడు ఎస్సై. తొమ్మిదిమంది మీదా, మీ మీదా కేసు కడతాను, ఫ్లెక్సీలో పెద్ద ఫొటో మీదే కాబట్టి మొదటి పేరు మీది అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తెల్ల కాగితం ఇచ్చాడు.

పది నిమిషాలు కూర్చున్నాను. కాగితం తెల్లగానే తిరిగి ఇచ్చాను. అంతమంది జీవితాలు పాడవుతాయని అనుకున్నానట. ఎవరికి చెప్తున్నాను ఇది? నా ఉద్యోగం గుర్తొచ్చింది, అంతే.

మార్చి 7, శుక్రవారం

జ్ఞానకుమారికి అంతా చెప్పాను. మీ పెన్ను మీద ఒట్టుకి ఆయన ప్రాణం కట్టారా అంది. లేవండి, ఆవిడకి చెప్పి రండి అంది.

వెళ్లాను. కనకమహాలక్ష్మి బియ్యం ఏరుతోంది. చెప్పాను. చేట ఆగలేదు. తెల్సు అంది. కంచంలో కుడేపు కూర అలాగే వదిలేస్తన్నాడు, అయిదు నెల్లయింది, ముప్పై ఏళ్లు వడ్డించినదాన్ని నాకు తెలీదా అంది.

మరి ఆ రోజు ఎందుకు అడిగావమ్మా అన్నాను.

నువ్వు సెప్తావేమో అని అంది. సెప్తే ఇద్దరం కలిసి ఆపొచ్చని. నా మాట ఆయన ఇనడన్నయ్యా. నీ మాట ఇంతాడు. నీ మాట ఇనే కదా ఇంతదాకా వచ్చేడు.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 8

సత్తిబాబుతో చెప్పాను. నువ్వు ఎక్కితే నీ వెనక నేను ఎక్కుతాను. తొలినాళ్ల గ్రాండ్ ప్రీ కార్లలో డ్రైవరు పక్కన మెకానిక్ కూర్చునేవాడు, అది రూలు. కుడివైపు ఏదొచ్చినా నేను చెప్తాను.

నువ్వు ఎనబై అయిదు కిలోలు, నిన్నెక్కించుకుంటే రేసులో ఆకర్న వత్తాను అన్నాడు.

రా.

నీకేటన్నా అయితే జ్ఞానకుమారి నన్ను బతకనిస్తాదా అన్నాడు.

బతకనివ్వదు. మాలక్ష్మి నన్ను బతకనిస్తుందా? అన్నాను.

స్పోకులు తుడిచాడు. జెండా ఎవడూపుతాడు మరి అన్నాడు.

మార్చి 9, ఉదయం 4.50

హెల్మెట్ బిగుతుగా ఉంది.  జ్ఞానకుమారి ప్రార్థన చేస్తానంటే ఇరవై ఏళ్లలో మొదటిసారి వాదించలేదు.

మార్చి 9, మధ్యాహ్నం

రోడ్డు ఎవరూ మూయలేదు. ఇద్దరు మనుషులు, ఒక తాడు, అంతే. తొమ్మిది బళ్ల పొగ. జెండా దిలీప్ బామ్మర్ది ఊపాడు. అందరూ వెళ్లిపోయారు, మేం చివర. రావికమతం దాకా నేను ఆపకుండా అరుస్తూనే ఉన్నాను. ఆటో. కుక్క. పాల క్యాన్లతో సైకిలు. వాడు వింటూ నడిపాడు, అద్భుతంగా నడిపాడు. మలుపులో బండి వంచినప్పుడు నేను అరవడం మర్చిపోయాను. ఒక్క క్షణం. పన్నెండేళ్లప్పుడు చదివిందంతా ఒంట్లోకి వచ్చింది. ఇది రాయకపోతే మళ్లీ సగం నిజమే అవుతుంది.

ఆ క్షణంలోనే కుడివైపు పొలం బాట నుంచి చెరకు ట్రాక్టరు ఎక్కింది. వాడి కంటికి అది లేనే లేదు. ఆకాశం ఎలా ఖాళీగా ఉందో అలా ఖాళీ. గొంతు చించుకుని అరిచాను. బ్రేకు పడింది. బండి అడ్డంగా జారి, ట్రాక్టరు చక్రానికి జానెడు దూరంలో నిలబడింది. ట్రాక్టరు డ్రైవరు మా ఇద్దరి అమ్మల్నీ తలుచుకుని వెళ్లిపోయాడు.

సత్తిబాబు దిగాడు. గట్టు మీద కూర్చుని హెల్మెట్ తీశాడు.  ఒరే, ఏదీ లేదురా అక్కడ అన్నాడు. నువ్వు అరిసేదాకా ఏదీ లేదు.

లేచి, నువ్వు నడుపు, ఇంటికి పోదాం అన్నాడు.

నాకు రాదు అన్నాను.

ఏటి రాదు?

బండి. నాకు బండి నడపడం రాదు.

నలభై ఏళ్ల స్నేహంలో వాడు ఎప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. వాడు నన్ను చూశాడు. తల మొత్తం తిప్పి చూశాడు. ఫాంగియో రేసుల గురించి రాసినోడివి, బండి రాదా అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలోంచి, రెండు కళ్లలోంచి, నీళ్లు కారేదాకా నవ్వాడు. తర్వాత అది నవ్వు కాదని తెలిసింది. పక్కన కూర్చున్నాను.

ఆ పొలం బాటలోనే క్లచ్చు ఎక్కడో చూపించాడు. పదిసార్లు ఆగిపోయింది. ఫస్టు గేరులో ఇల్లు చేరాం, మూడు గంటలు పట్టింది. దారిలో ఆడవాళ్లు చెరకు మోపులు దింపి మరీ చూశారు. కనకమహాలక్ష్మి వీధిలో నిలబడి ఉంది. ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో చూసింది. లోపలికి వెళ్లి అన్నం పెట్టింది.

మార్చి 10

లెర్నర్ లైసెన్సుకి, అదే ఎల్ఎల్ఆర్‌కి, అప్లై చేశాను. వయసు యాభై రెండు అని రాస్తే కౌంటర్లో అమ్మాయి, మీకేనా సార్ అంది. మధ్యాహ్నం షెడ్డు వెనక ఖాళీ జాగాలో సెకండ్ గేరు.

మార్చి 12

థర్డ్ గేరు పడింది. వెనక సీట్లో సత్తిబాబు. దిగాక, ఎలా నడిపానురా అని అడిగాను. ఏమోరా బాబూ, కనపడే కన్ను కూడా మూసేసుకుని కూకున్నాను అన్నాడు.