కొమ్ము లేని తలుపు

వదినా,

మీ తమ్ముడి దశ తిరిగింది. మనిషి పోయాక తిరిగితేనేం, తిరిగింది కదా!

బతికున్నన్నాళ్ళూ ‘దయ్యాలాయన’ అని వెక్కిరించారు. పుస్తకాలు బస్‌స్టాండులో దువ్వెనల పక్కన అమ్మేవారు. నిన్న యూనివర్సిటీలో ఆయన కథల మీద ఏకంగా సభ పెట్టి, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రొఫెసర్‌గారు ఒక్క వాక్యం పట్టుకుని గంటసేపు మాట్లాడారు. ‘చీకట్లో మెల్లగా తలపు తెరుచుకుంది.’ దయ్యం బయట లేదట, మనిషి తలపులోనే ఉందట. ఇంత లోతుగా ఇంకెవరూ రాయలేదట. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన రాసింది తలుపు కదా వదినా! అచ్చువేసినాయన ‘ల’కి కొమ్ము ఎగరగొట్టాడు. ఆ రోజు మీ తమ్ముడు ఇల్లు పీకి పందిరి వేశారు. “నా దయ్యం లోపలికి రావడానికి తలుపే లేకుండా చేశారు” అని ఒకటే గోల.

ఇప్పుడు కొత్త అచ్చు వేసి, ఆ కథను పాఠంగా పెడతారట. ప్రూఫులు నాకే పంపారు. నిజం చెబితే వచ్చిన పేరు కాస్తా పోతుందేమో. చెప్పకపోతే ఆయన దయ్యం ఎప్పటికీ గుమ్మం బయటే. ఏం చేయమంటారు?

ఎటూ తేల్చుకోలేని
మీ మరదలు

*

వదినా,

నోరు మూసుకుని కూర్చోమన్నారు. నా వల్ల కాలేదు, కోప్పడకండి. ఆయనకు పేరు రావాలని నాకు మాత్రం లేదా? కానీ ఆయన రాసినదానికి రావాలి. ప్రూఫులో కొమ్ము పెట్టి, స్వయంగా ప్రొఫెసర్‌గారి చేతికిచ్చాను. పాపం, ముఖం పాలిపోయింది.

“అయితే ఇది ఉత్త తలుపేనా అమ్మా?” అన్నారు.

“ఉత్త తలుపే బాబూ. మళ్ళీ మొదటినుంచి చదవండి” అన్నాను.

పాఠం సంగతి తర్వాత చూద్దామన్నారు. చేజేతులా చెడగొట్టానని ఇంటికొచ్చి ఏడ్చాను.

ఈ ఉదయం ప్రొఫెసర్‌గారు ఫోన్ చేశారు. కొత్త అచ్చుకని తాను రాసిపెట్టుకున్న ముందుమాట చించేసి మరొకటి రాస్తున్నారట. పాఠం ఖాయమట. ఇంకేదో చెప్పాలని నసిగి, గొంతు తగ్గించారు.

“రాత్రి గడియ వేశానో లేదోనని లేచి లేచి చూసుకున్నానమ్మా. మా ఆవిడ ఒకటే నవ్వు.”

వదినా, అంత చదువుకున్నాయన భయపడ్డాడు! సభలో చప్పట్లకు నవ్వొచ్చింది గానీ, ఈ మాటకు నాకు సంతోషంతో కళ్ళనీళ్ళు ఆగలేదు. మీ తమ్ముడు వింటే ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. ఆయన వాటా కూడా నేనే తినేశాను.

కడుపు నిండిన
మీ మరదలు