గడువు పెంచకండి

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 1969

గురువుగారికి నమస్కారాలు.

పాఠాలు చెప్పడంతోనే సరిపోయి పరిశోధన గ్రంథం ముగించలేకపోతున్నానని మీకు మొరపెట్టుకునేదాన్ని. ఉద్యమంతో కాలేజీ మూతపడ్డాక రోజంతా నాదే అయింది. ఆ తీరికలో మొదటి అధ్యాయాన్నే నాలుగోసారి తిరగరాశాను. చివరి అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదు.

"తెలంగాణైనా ఒస్తది గానీ నీ పుస్తకం గాదు పంతులమ్మా!" అని మా ఇంటి యజమానురాలు సాయమ్మ నవ్వుతోంది.

గొడవల మూలంగా పరిశోధకులందరికీ ఏడాది గడువు పెంచమని మీరు యూనివర్సిటీకి రాస్తున్నారట. దయచేసి అందులో నా పేరు చేర్చకండి. గడువు దొరికితే మళ్ళీ మొదటి అధ్యాయమే దిద్దుతాను. నెలాఖరుకు ఇవ్వకపోతే డిగ్రీ రాదన్న భయమే నాచేత చివరిది రాయించాలి. రాయిస్తుందనే అనుకుంటున్నాను.

పొద్దున కూర్చున్నది ఆ అధ్యాయం రాద్దామనే. ఈ ఉత్తరమే మూడుసార్లు తిరగరాశాను.

మీ శిష్యురాలు