చొక్కాల వాసన కాదు

అక్కా,

హడావుడిగా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువు. నీ మరిది పెట్రోలు బంకులో పనిచేస్తారు కదా, ఇంట్లో వాసన ఆయన చొక్కాలదేననుకుని బావినీళ్లతో రెండేసిసార్లు ఉతికేదాన్ని. "చొక్కా చిరిగినా నీ అనుమానం తీరదే పిల్లా" అని అత్తయ్య నవ్వేవారు.

ఇవాళ నీళ్లూ మట్టీ పరీక్ష చేసేవాళ్లు వచ్చి పెరడు తవ్వితే మట్టి కూడా అదే కంపు. బావినీళ్ల మీద రంగురంగుల తెట్టు! పక్కనున్న మా బంకులో నేల కింది ట్యాంకుకు చిల్లు పడిందట. "ఇవే తాగుతున్నారా అమ్మా?" అని ఒకాయన అడిగితే తలుపు చాటునుంచి తలూపాను. నాకు మూడో నెలని మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఇంట్లోనూ ఇంకా చెప్పలేదు.

వెంటనే వచ్చి నన్ను డాక్టరమ్మకు చూపించు. వచ్చేటప్పుడు మీ ఇంటి నీళ్లు ఒక సీసా పట్టుకురా.

నీ చెల్లి