తమ్ముడికి రాసివ్వలేని తగ్గింపు

అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం, పెదబొడ్డేపల్లిలో కాపురముంటున్న, ప్రభువునందు నిద్రించిన జ్ఞానరాజు గారి పెద్ద కూతురు, అవివాహిత, నర్సుగా పనిచేసి రిటైరైన, యాభై ఏడేళ్ల పరిమళ అనే నేను 2025 ఫిబ్రవరి 24వ తేదీ, సోమవారం నాడు రాయడం మొదలుపెట్టిన వీలునామా.

ఉదయం ప్రార్థన చేసుకున్నాను. బీపీ నేనే చూసుకున్నాను, బాగుంది. బుద్ధి స్థిరంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. పోయిన బుధవారం ఒక సంగతి తెలిసింది. అప్పటి నుంచి ఉత్సాహంతో కాలు ఒకచోట నిలవడం లేదు.

నా తమ్ముడు సత్యప్రకాష్ నాలుగేళ్లుగా నా గడప తొక్కలేదు. నేను పోయేలోగా అతను రావాలి. ఈ కాగితానికి అసలు పని అది. ఆస్తి పంపకం తర్వాత.

1. పెదబొడ్డేపల్లిలో నా స్వార్జితమైన రెండు గదుల డాబా ఇల్లు, పెరడు, బోరు మోటారుతో సహా, నా చెల్లెలు శాలినికి సర్వహక్కులతో చెందవలసినది. వంటింటి కిటికీ రెక్క సరిగా పడదు. బాగు చేయించలేదని నన్ను చాలాసార్లు సాధించింది. ఇక తన కిటికీ, తన ఇష్టం. అమ్మ కుట్టుమిషను కూడా శాలినికే. అది తనదేనని ముప్పై ఏళ్లుగా అంటోంది. అయ్యుంటుంది.

2. రోలుగుంట దగ్గరి అర ఎకరం జీడితోట తమ్ముడికీ చెల్లెలికీ చెరిసగం. జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఇది షరతు కాదు, కోరిక.

3. 2018 ఫిబ్రవరిలో కొన్న నా తెల్ల పెట్రోలు కారు సత్యప్రకాష్‌కు చెందవలసినది. ఈ క్లాజు పొడవవుతుంది, మన్నించాలి.

ఆ కారు కొన్న రోజే తమ్ముడు కూడా కొన్నాడు. నాది చిన్న బండి, అతనిది పెద్ద డీజిలు బండి. రెండింటినీ మా చర్చి ఆవరణలో నిలబెడితే పాస్టరు గారు ఒకే ప్రార్థనతో ప్రతిష్ఠించారు. ఆ తర్వాత ఏటా నా ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గింది. అతనిది తగ్గలేదు. ఇది దేవుడు నా బండి పట్ల చేసిన కార్యమని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. ప్రతి ఫిబ్రవరిలో ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. 2021లో ఇంకో మాట కలిపాను: "ఒకే దినాన రెండు బండ్లు ప్రతిష్ఠించాం. కృప ఒక్కదాని మీదే నిలిచింది."

మూడో వరుసలో తమ్ముడున్నాడు. అందరూ తిరిగి అతన్ని చూశారు.

ఆరాధన అయ్యాక మెట్ల మీద నన్ను ఆపాడు. "దేవుడు నీ ఒక్కదానికే ఏజెంటేటి అప్పా? నాను పాపిని, నా బండీ పాపిది, అంతే కదా? ఎల్లి మైకులో మళ్లీ సెప్పు" అన్నాడు. మరుసటి ఆదివారం నుంచి కోటవురట్ల చర్చికి వెళ్తున్నాడు.

ఈ కారుతోపాటు దాని మీదున్న యాభై శాతం తగ్గింపు కూడా అతనికే రాసిద్దామని బుధవారం ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ పనిచేసే నూకరత్నం నా మాట విని, "కృప ఏటండీ? అది నో క్లెయిమ్ బోనసండీ" అంది. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత తమ్ముడి కోసం రాస్తున్నాను.

ప్రీమియంలో రెండు భాగాలున్నాయి. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఒకటి. దాని రేటు ఇంజను సైజును బట్టి ప్రభుత్వమే పెడుతుంది. ఏ కంపెనీకి వెళ్లినా మారదు. తమ్ముడిది పెద్ద ఇంజను, కాబట్టి అక్కడే ఎక్కువ. మన బండికి జరిగే నష్టానికి రెండోది. ఇందులో ఏ కంపెనీ లెక్క దానిదే. బండి విలువ, వయసు, రిజిస్టరైన ఊరు, విడిభాగాల ఖరీదు చూస్తారు. అలాంటి బండ్లకు తాము ఇంతకుముందు ఎంత చెల్లించుకోవలసి వచ్చిందో కూడా చూస్తారు. అందుకే ఒకే కారుకు ఒకరు ఎక్కువ చెబుతారు, ఒకరు తక్కువ. పైగా తమ్ముడు విడిభాగాల అరుగుదలకు కోత పెట్టని అదనపు కవరు తీసుకున్నాడు. దానికి వేరే.

ఇక ఏడాదంతా క్లెయిమ్ అడగకపోతే ఈ రెండో భాగంలో తగ్గింపు ఇస్తారు. మొదటి ఏడాదికి ఇరవై శాతం. అలా పెరిగి అయిదేళ్లకు యాభై. ఒక్కసారి అడిగితే మళ్లీ సున్నా. మా మధ్య మాటలున్న మొదటి మూడేళ్లలో, నాకు తెలిసే, తమ్ముడు మూడుసార్లు అడిగాడు. చెరకు ట్రాక్టరు అద్దం విరిచినందుకు కూడా అడిగాడు.

తమ్ముడి మీద దేవునికి కోపం లేదు! ఉన్నది డీజిలు ఇంజను, మూడు క్లెయిములు. ఆఫీసులోనే లేచి చప్పట్లు కొట్టాను. నూకరత్నం కంగారుపడి మంచినీళ్లు ఇచ్చింది.

అయితే ఆ తగ్గింపు బండిది కాదట, మనిషిది. యజమాని పోతే భర్తకో భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో దక్కుతుంది. తోబుట్టువులకు దక్కదు. నాకున్నది తోబుట్టువులే. కాబట్టి కారు మాత్రమే రాసిస్తున్నాను. నేను పోయాక మూడు నెలలు దాటకుండా, పాలసీ గడువు అంతకంటే ముందే ముగిస్తే ఆ లోపే, ఇన్సూరెన్స్ తన పేరుకు మార్పించుకోవాలి.

4. ఒక ఒప్పుకోలు. నా బండికి గీత కూడా పడలేదని సాక్ష్యాల్లో చెప్పాను. పడింది. పాస్టరు గారి ప్రహరీకి రెండుసార్లు గుద్దాను. బలిఘట్టం మలుపులో ఒక గేదెకు తగిలించాను, గేదె క్షేమం. మూడుసార్లూ దేవుళ్లు అనే మెకానిక్ షెడ్డులో సొట్టలు తీయించి, ఎవరికీ చెప్పొద్దన్నాను. "నానెందుకు సెప్తానండీ అమ్మగారూ, సెప్తే నాకు బేరాలుంటాయేటి?" అన్నాడు.

నిన్న ఆదివారం ఆరాధనలో ఇదంతా, వీలునామా రాయబోతున్న సంగతీ చెప్పి, తమ్ముడి గురించి అన్న మాట వెనక్కి తీసుకున్నాను. అందరూ నవ్వారు. గోడ సంగతి తనకు ఇప్పుడే తెలిసిందని పాస్టరు గారన్నారు. ఈ మాట కోటవురట్ల చేరాలని ప్రార్థిస్తున్నాను.

5. ఈ వీలునామా అమలు బాధ్యత శాలినిది. గొడవలొస్తే గట్టిగా అరవగలిగేది మాలో ఆమే.

6. మంగళవారం ఉదయం చేర్చినది.

తమ్ముడు వచ్చాడు!

తొమ్మిదిన్నరకు డీజిలు చప్పుడు విని బయటికి వెళ్లాను. దిగుతూనే, "వీలునామా అంట? అంత బేగి ఏటి అప్పా? ఊళ్లో గోడలింకా శానా ఉన్నాయి నువ్వు గుద్దడానికి" అన్నాడు. కుర్చీలో కూర్చోకుండానే జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఈ నెలే కట్టిన పాలసీ. తగ్గింపు నలభై ఐదు శాతం.

ఆ మెట్ల మీద మాట అన్న రోజు నుంచి ఒక్క క్లెయిమూ అడగలేదట. ఒక్క దెబ్బా తగల్లేదా అని అడిగాను. "తగల్లేదని ఎవుడన్నాడు? దేవుళ్లు సెడ్డులోనే బాగు సేయించీసేవోణ్ని" అన్నాడు. దేవుళ్లు ఇద్దరి సొట్టలూ తీశాడు. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

యాభై అయ్యాక నా ముందు పరుద్దామని ఆగాడట. "ఇంకొక్క ఏడాదే అప్పా. ఈలోగా నువ్వే మైకులో దిగొచ్చీసేవు" అన్నాడు. నేను రాసివ్వలేకపోయినది తనే తెచ్చుకున్నాడు. స్తోత్రం.

మూడో క్లాజు మార్చడం లేదు. కారు అతనిదే. సాక్షి సంతకం తానే చేస్తానని కలం లాక్కున్నాడు. ఆస్తి పొందేవారు సాక్షులుగా ఉండకూడదని చెప్పాను. "అలగైతే ఇక్కడే కూసుంటాను" అన్నాడు. ఇది రాస్తున్నంతసేపూ పక్కనే ఉన్నాడు.

చదివి, సరిచూసుకుని, సంతోషంతో చేసిన సంతకం:

జి. పరిమళ
నర్సీపట్నం, 25 ఫిబ్రవరి 2025

పరిమళ గారు మా ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుట మేము చేసిన సంతకాలు:

1. నూకరత్నం, ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగి
2. దేవుళ్లు, మెకానిక్